ముందు ఎడమ చక్రం

“గీత పెట్టావా, లేదా?”

“పెట్టాను మేడమ్.”

“బిగించాక పెట్టావా, బిగించకముందా?”

“బిగించకుండా గీత పెట్టడమంటే, ఉత్తరం రాయకుండా కవరు అంటించినట్టు మేడమ్. అలా ఎవరైనా చేస్తారా?”

పోలీస్ స్టేషన్ వెనక గది. ఒక బల్ల, మూడు కుర్చీలు. ఒక కుర్చీకి కాలు వదులు. మెకానిక్‌ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. మాట్లాడినప్పుడల్లా అది కిర్రుమంటోంది. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై.

ఎదురుగా కూర్చున్న ఆవిడని అందరూ టేపమ్మ అంటారు. పదకొండేళ్లు వాహనాల తనిఖీ ఆఫీసులో పనిచేసి, పైవాళ్లు సంతకం పెట్టమన్న చోట పెట్టనని ఉద్యోగం వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. మిగతావాళ్ల హ్యాండ్‌బ్యాగుల్లో దువ్వెన ఉండే చోట ఆవిడ బ్యాగులో కొలిచే టేపు ఉంటుంది.

కేసు పైకి చాలా చిన్నది. నిన్న పొద్దున ఆరుంపావు దాటి అయిదు నిమిషాలకి ఒక ఇంజినీరమ్మ తన ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో కొండ దిగింది. కింద కొత్తగా కట్టిన వంతెనకి బరువు పరీక్ష చేయించడం ఆవిడ పని. పద్నాలుగో కిలోమీటరు మలుపులో బండి ముందు ఎడమ వైపు ఉన్నట్టుండి కిందికి కూలబడింది. స్టీరింగ్ మాట వినలేదు. బండి గట్టు దిగి ఎడమ పక్కకి ఒరిగిపోయింది. ఆరూ నలభై రెండుకి డాష్‌బోర్డు గడియారం ఆగిపోయింది. ఇంజినీరమ్మ భుజం ఎముక విరిగి, తలకి కుట్లు పడి, ఊళ్లో ఆసుపత్రిలో ఉంది.

ముందురోజే ఆ బండికి సస్పెన్షన్ పని చేసింది ఈ మెకానిక్. ముందు ఎడమ చక్రం దగ్గర ఒక స్క్రూ వదులుగా ఉందని ఇన్సూరెన్స్ సర్వేయర్ రాసిచ్చాడు. నాలుగింటికి మెకానిక్‌ని జడ్జి ముందు నిలబెడతారు. ఆ తర్వాత ఎన్ని వారాలు లోపల ఉంటాడో ఎవరూ చెప్పలేరు. అతనికి పెళ్లయి డెబ్బై రెండు రోజులు. ఆ లెక్క చెప్పింది అతని భార్య. టేపమ్మని కేసులోకి పిలిచిందీ ఆ అమ్మాయే. ఇప్పుడు గుమ్మం బయట టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఏం పని చేశావో వరసగా చెప్పు,” అంది టేపమ్మ.

“ఆ బండికి స్ప్రింగులు ఉండవు మేడమ్. ఆయిల్ ఒత్తిడి మీద నిలబడుతుంది. చక్రం చక్రానికీ ఒక సన్నటి రాడ్డు ఉంటుంది. బండి ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. ముందు ఎడమ వైపు రాడ్డు అరిగిపోయింది. మార్చాను. తర్వాత ఆయిల్లో ఇరుక్కున్న గాలి తీశాను. గాలి స్క్రూ అరచుట్టు తిప్పి, గాలి పోయాక మళ్లీ బిగించాను. బిగించిన ప్రతిదాని మీదా ఎర్రగీత పెట్టాను. సగం స్క్రూ మీద, సగం దాని పక్కన ఇనుము మీద. ఎవరైనా తిప్పితే గీత రెండు ముక్కలైపోతుంది.”

“రాడ్డు నట్టు మీద కూడానా?”

“దానిమీద కూడా.”

“ఏ పెయింటు?”

మెకానిక్ నీళ్లు నమిలాడు. కుర్చీ కిర్రుమంది.

“పెయింటు కాదు మేడమ్. గోళ్ల రంగు. మా ఆవిడది.”

గుమ్మం బయటి నుంచి ఫ్లాస్కు కిందపెట్టిన చప్పుడు వినబడింది. “అదా! పది రోజులుగా ఇల్లంతా గాలిస్తున్నాను. పక్కింటి పిల్ల ఎత్తుకెళ్లిందనుకుని దానితో మాట్లాడటం కూడా మానేశాను!”

“షెడ్డులో పెయింటు లేదా?” అంది టేపమ్మ నవ్వు రానివ్వకుండా.

“ఉంది మేడమ్. దానికి బ్రష్షు కడుక్కోవాలి. దీనికి మూతలోనే బ్రష్షు ఉంది.”

టేపమ్మ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంత తెలివైన బద్ధకం ఆవిడ ఈ మధ్య చూడలేదు.

“గాలి స్క్రూ అరచుట్టు వదులుగా ఉంటే బండి ఎంతసేపట్లో కూర్చుంటుంది?”

“ఇంజిను ఆన్ చేసిన రెండు నిమిషాల్లో. గేటు దాటేలోపే డ్రైవరుకి తెలిసిపోతుంది.”

“ఆవిడ పద్నాలుగు కిలోమీటర్లు వెళ్లింది.”

“అదే మేడమ్, పొద్దున్నుంచీ నేను అందరికీ చెబుతున్నది. వింటే కదా.”

“బండి నీ దగ్గరికి ఎవరు తెచ్చారు?”

“ఇంజినీరమ్మగారి మరిది. మళ్లీ సాయంత్రం అయిదున్నరకి ఆయనే తీసుకెళ్లాడు. వాళ్లింట్లో రెండూ ఒకే రకం బండ్లు. నల్లది ఆవిడది, తెల్లది ఆయనది. రెండిటికీ నేనే చేస్తాను. తెల్లది మొన్న సోమవారమే వచ్చింది.”

టేపమ్మ లేచింది. భార్య ఫ్లాస్కు మూతలో టీ పోసి లోపలికి అందించింది. మెకానిక్ పుచ్చుకోబోతే ఆ అమ్మాయే ఒకసారి ఊది మరీ ఇచ్చింది. కాపలా ఉన్న కానిస్టేబులు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

* * *

స్టేషన్ వెనకే యార్డు. చుట్టూ రేకుల గోడ, ఒకటే గేటు. పట్టుబడ్డ బండ్లు వరసగా దుమ్ము కప్పుకుని ఉన్నాయి. ఆ చివర నల్ల ఫోర్ వీల్ డ్రైవ్ ఎడమ కాలు మడిచి కూర్చున్న జంతువులా ఉంది. దాని పక్కన ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన తెల్ల చొక్కాలో ఇన్సూరెన్స్ సర్వేయరు. ఆ చొక్కా మీద ముడత ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకే వెనకాల అందరూ అతన్ని ఇస్త్రీ అంటారు. అతనికీ ఆ సంగతి తెలుసు. లోలోపల గర్వం కూడా.

“రండి టేపమ్మగారూ,” అన్నాడు. “బండి పొడవు కొలవడానికా, వెడల్పు కొలవడానికా?”

“మీ రిపోర్టు లోతు కొలుద్దామని.”

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. “రెండూ అయిదు. మూడున్నరకి నేను కాగితాలు పట్టుకుని బయల్దేరాలి. ఈలోపు ఏం చూస్తారో చూడండి.”

టేపమ్మ ముందుగా ఒక్కో ముందు చక్రం నడిమధ్య నుంచి దాని పైనున్న బండి అంచుకి ఎత్తు కొలిచింది. కుడివైపు పంతొమ్మిదిన్నర అంగుళాలు. ఎడమవైపు పద్నాలుగు. గోనెసంచి అడిగి నేలమీద పరిచింది. ఎడమ చక్రం పక్కన బోర్లా పడుకుని టార్చి వేసింది.

“బట్టలు పాడవుతాయండీ,” అన్నాడు ఇస్త్రీ.

“ఉతుక్కోవచ్చు. రిపోర్టునే ఉతకలేం.”

గాలి స్క్రూ కనిపించింది. దానిమీద ఎర్రగీత. సగం స్క్రూ మీద ఒక దిక్కు చూస్తోంది, సగం ఇనుము మీద ఇంకో దిక్కు. తేడా సరిగ్గా అరచుట్టు.

“చూశారు కదా,” అన్నాడు ఇస్త్రీ, తనే పక్కన పడుకుని చూసినంత ధీమాగా. “తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. కొత్త పెళ్లికొడుకు. బుర్ర ఇంటి దగ్గర ఉంటుంది.”

“మూయడం మర్చిపోయినవాడికి గీత పెట్టడం గుర్తుందా?”

“గీత పెట్టాక ఏదో అనుమానం వచ్చి మళ్లీ తెరిచి ఉంటాడు.”

టేపమ్మ స్క్రూ నుంచి కిందికి జారిన ఆయిల్ మరకని చూస్తోంది. చిటికెన వేలంత వెడల్పు, కింది దాకా ఒకే ధార. బ్యాగులోంచి టేపు తీసి, కొక్కెం చివర కిందికి వచ్చేలా స్క్రూ పక్కన వేలాడదీసింది. టేపు నిటారుగా నిలిచింది. మరక కూడా దాని పక్కనే, గీసినట్టు నిటారుగా ఉంది.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, బండి ఎంతసేపు పక్కకి ఒరిగి ఉంది?”

“ఆరూ నలభై రెండు నుంచి పదింపావు దాకా. తర్వాత క్రేను తెచ్చి నిలబెట్టాం. పదకొండున్నరకి ఇక్కడికి చేరింది.”

“అంటే మూడున్నర గంటలు. ప్రమాదం ముందే ఈ స్క్రూ వదులైతే, అంతసేపూ ఆయిల్ పక్కకి కారి ఉండాలి. ఈ మరక అడ్డంగా ఉండాలి. మరి ఇది నిలువుగా ఉంది.”

ఇస్త్రీ వంగాడు. మోకాళ్లు నేలకి తగలకుండా వంగడం అతనికి అలవాటు. “నిలబెట్టాక మిగిలిన ఆయిల్ కారి ఉండొచ్చు.”

“ఉండొచ్చు. అప్పుడు రెండు మరకలు ఉండాలి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. ఒకటే ఉంది. పైగా చుట్టూ చూడండి. చక్రం లోపలంతా గట్టు మట్టి అంటుకుని ఎండిపోయింది. ఈ ఆయిల్ ఆ మట్టిని కడుక్కుంటూ దిగింది. మట్టి ముందు, ఆయిల్ తర్వాత.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. “అంటే?”

“అంటే, ఈ స్క్రూని ఇక్కడే ఎవరో తిప్పారు. మీ యార్డులో.”

ఇన్‌స్పెక్టరు ఒకసారి గేటు వైపు చూశాడు.

“నా యార్డు మాట జాగ్రత్తగా మాట్లాడాలి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఇక్కడికి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను,” అన్నాడు ఇస్త్రీ. గొంతు కొంచెం పైకి లేచింది. “నిన్న పన్నెండూ పదికి వచ్చాను, ఇవాళ తొమ్మిదిన్నరకి మళ్లీ వచ్చాను. నన్ను అంటున్నారా?”

“ఇంకా ఎవర్నీ అనలేదు. నిన్న ఫోటోలు తీశారా?”

“తీయకుండా ఉంటానా?”

“రిపోర్టులో పెట్టింది ఏవి?”

“ఇవాళ్టివి. నిన్న ఎండ, జనం, హడావుడి. నిన్నటివి ఊరికే తీసి పెట్టుకున్నాను.”

“చూపించండి.”

“కంపెనీ ఆస్తి. బయటివాళ్లకి చూపించకూడదు.”

“అంటే మీరూ చూడలేదన్నమాట.”

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఇస్త్రీ ముఖం చొక్కా రంగుకి వచ్చింది. “ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నేను తీసిన ఫోటో నేను చూడనా?” అంటూ ఫోను తీశాడు. వేలితో తోసుకుంటూ పోయాడు. బండి ముందువైపు. నంబరు ప్లేటు. పగిలిన అద్దం. ముందు ఎడమ చక్రం.

“పెద్దది చేయండి.”

పెద్దది చేశాడు. ఎర్రగీత ఫోను తెర మీదికి వచ్చింది. స్క్రూ మీద నుంచి ఇనుము మీదికి, ఎక్కడా తెగకుండా, ఒకే గీత. కింద మరక లేదు.

ఇస్త్రీ చాలాసేపు ఆ ఫోటోని చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. గీత మారలేదు.

“పన్నెండూ పద్నాలుగు,” అని ఫోటో మీది టైము చదివాడు ఇన్‌స్పెక్టరు, నెమ్మదిగా.

“ఆగండి,” అంది టేపమ్మ. “అదే ఫోటో. కొంచెం పైకి జరపండి. ఆ వేలాడుతున్నదేమిటి?”

చక్రం వెనక, ఫోటో మూలలో, పెన్సిలంత సన్నటి రాడ్డు ఒక చివర ఊడిపోయి కిందికి వేలాడుతోంది.

టేపమ్మ మళ్లీ గోనె మీద పడుకుంది. టార్చి రాడ్డు మీద వేసింది. ఇప్పుడది వేలాడటం లేదు. రెండు చివరలా బిగించి ఉంది. పై చివర నట్టు పాతది, దానిమీద ఎర్రగీత. కింది చివర నట్టు కొత్తది, తళతళలాడుతోంది. దానిమీద ఏ గీతా లేదు.

లేచి చేతులు దులుపుకుంది. “మెకానిక్ పెట్టిన నట్టు ఎవరో తీసేశారు. నట్టు లేకపోయినా రాడ్డు వెంటనే ఊడదు. కాసేపు అలాగే పట్టుకుని ఉంటుంది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర రోడ్డు తవ్వి కంకర పోశారు కదా. ఆ కుదుపులకి వదులైంది, పద్నాలుగో కిలోమీటరుకి ఊడింది. రాడ్డు వేలాడితే, ఆ మూల మరీ ఎత్తుగా ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. ఆయిల్ వదిలి దించేస్తుంది. మలుపులో అదే జరిగింది. తర్వాత ఆ మనిషి ఇక్కడికి వచ్చి, రాడ్డు మామూలుగా బిగించి, గాలి స్క్రూ వదులు చేసి పోయాడు. తప్పు మెకానిక్ మీదికి తోసేయడానికి. గోళ్ల రంగు మాత్రం జేబులో తెచ్చుకోలేదు.”

ఇస్త్రీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి ఇన్‌స్పెక్టరు చేతికి ఇచ్చాడు. “నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ ఫోటో తీసింది నేనని రాయాలి.”

“పెద్ద అక్షరాల్లో రాయిస్తాను,” అంది టేపమ్మ. ఈసారి వెటకారం లేదు.

* * *

గేటు రిజిస్టరు తెచ్చిన కాపలా మనిషికి అరవై దాటాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్లోంచి వేలితో గీత వెంట చదివాడు.

“పదకొండున్నర, క్రేను. పన్నెండూ పది, సర్వేయరుగారు. పన్నెండూ నలభై, సర్వేయరుగారు బయటికి. అయిదూ ఇరవై, ఇంజినీరమ్మగారి మరిది, అమ్మగారి హ్యాండ్‌బ్యాగు కోసం. ఆరూ అయిదు, బయటికి. ఆ తర్వాత ఇవాళ పొద్దున మళ్లీ సర్వేయరుగారే.”

“ఒక హ్యాండ్‌బ్యాగుకి నలభై అయిదు నిమిషాలా బాబాయ్?”

“సీటు కింద ఇరుక్కుందన్నాడమ్మా. మా ఇంట్లోవాళ్ల బ్యాగులో తాళంచెవి వెతకడానికే నాకు అరగంట పడుతుంది. నేను అనుమానించలేదు.”

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తన వైపు లాక్కున్నాడు. సంతకం పొందిగ్గా, నిదానంగా పెట్టి ఉంది.

“ఆ వంతెన కట్టిన కాంట్రాక్టరు ఎవరు?” అంది టేపమ్మ.

ఇన్‌స్పెక్టరు తలెత్తలేదు. “ఆయనే. పరీక్షలో తేడా వస్తే ఒప్పుకోనని ఆవిడ ఇంట్లోనే చెప్పిందట. కుటుంబంలో మామూలు గొడవ అనుకున్నాం.”

మెకానిక్‌ని యార్డులోకి తీసుకొచ్చారు. వెనకాలే భార్య కూడా వచ్చింది. ఆపాలో వద్దో తెలియక కానిస్టేబులు ఊరుకున్నాడు. రెండూ యాభై.

“నువ్వు పనిచేస్తున్నప్పుడు ఆ మరిది ఎక్కడున్నాడు?” అంది టేపమ్మ.

“పక్కనే మేడమ్. స్టూలు లాక్కుని గంటసేపు కూర్చున్నాడు. ఏ స్క్రూ తిప్పితే ఏమవుతుందని అడిగాడు. ఆయనకి మట్టి తవ్వే యంత్రాలు ఉన్నాయి కదా, ఆయిల్ ఒత్తిడి పని తెలిసిన మనిషి. అడుగుతుంటే చెప్పాను. నా పని ఎవరైనా ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.” ఎందుకు అడుగుతున్నారో అతనికి అప్పుడు అర్థమైంది.

భార్య అతని చేయి పట్టుకుంది. “ఇంక ఇంటికి రావచ్చా సార్?” అని ఇన్‌స్పెక్టరుని అడిగింది.

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి జడ్జి ముందు పెట్టాల్సిన కాగితం తీసి రెండుగా మడిచాడు. “సంతకం పెట్టి వెళ్లొచ్చు.”

టేపమ్మ అప్పటికే ఆసుపత్రికి ఫోను చేస్తోంది. నర్సు ఎత్తింది.

“ఇంజినీరమ్మగారా? లేరండీ. కింద పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించాలని పంపారు. రెండున్నరకి బయల్దేరారు.”

“ఎవరు పంపారు?”

“వాళ్ల మరిదిగారే. అంబులెన్సు ఎందుకండీ, నా బండి ఉందిగా అన్నారు. తెల్ల బండి. డ్రైవర్ని కూడా ఆయనే పెట్టారు.”

“ఆయన కూడా వెళ్లాడా?”

“లేదండీ. ఆవిడని ఎక్కించి, దుప్పటి కప్పి, సీటు బెల్టు కూడా ఆయనే పెట్టారు. ఆయన మాత్రం ఎక్కలేదు. ఇక్కడే క్యాంటీన్లో ఉన్నారు.”

టేపమ్మ గడియారం చూసింది. రెండూ యాభై ఒకటి. ఇరవై ఒక్క నిమిషాలు. నిన్న పద్నాలుగో కిలోమీటరుకి పట్టింది ఇరవై రెండు.

“తెల్ల బండి కూడా సోమవారం నీ షెడ్డులోనే ఉంది,” అంది మెకానిక్‌తో. “అది పడినా నీ పేరే.”

ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి వైపు జీపు పంపమని అరుస్తున్నాడు. టేపమ్మ ఇంజినీరమ్మ సెల్‌కి కలిపింది. ఒకసారి మోగింది. రెండు. మూడు. నాలుగో రింగుకి ఎత్తింది. మందుల మత్తులో గొంతు మెల్లగా ఉంది.

“ఎవరండీ?”

“డిటెక్టివ్‌ని. ఎక్కడిదాకా వచ్చారు?”

“కంకర రోడ్డు దాటేశాం. అబ్బ, భుజం ప్రాణం తీసింది. అదేమిటో, బండి ఎడమ పక్కకి కొంచెం వాలినట్టు ఉంది. నాకే అలా అనిపిస్తోందేమో.”

టేపమ్మ స్పీకర్ నొక్కి ఫోను మెకానిక్ ముందు పెట్టింది. అతను రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

“అమ్మా, డ్రైవర్ని బ్రేకు గట్టిగా తొక్కొద్దనండి. మెల్లగా, మెల్లగా గేరు తగ్గించమనండి. ఎత్తు మార్చే బటన్ల పక్కనే ఇంకో చిన్న స్విచ్చు ఉంటుంది. అది ఆఫ్ చేస్తే బండి ఇంక కిందికి దిగదు, ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది.”

అటువైపు ఇంజిను చప్పుడు మాత్రమే వినిపించింది.

“మీరెవరు?”

మెకానిక్ భార్య వైపు చూశాడు. తర్వాత ఫోను వైపు చూశాడు.

“నేనేనమ్మా. మెకానిక్‌ని. నిన్న మీ బండి పడిపోయింది నా వల్లే అని మీకు చెప్పారు. కాదమ్మా. ఇప్పుడు దానికి టైము లేదు. నన్ను తర్వాత తిట్టండి, ముందు స్విచ్చు ఆఫ్ చేయమనండి.”

ఇస్త్రీ తెల్ల చొక్కా చేతికి ఆయిల్ అంటింది. అతను చూసుకోలేదు.

టైరు దేనికో రాసుకుంటున్నట్టు ఫోనులోంచి సన్నటి కీచు చప్పుడు వినిపించింది. దాని వెనకే ఇంజినీరమ్మ గొంతు. ఈసారి మత్తు లేదు.

“పక్కపక్కనే రెండున్నాయి బాబూ. ఏ స్విచ్చు?”